దొంగ దొరకని మందారం

మా కాలనీ పూల పోటీకి వెళ్ళాలంటే చేతిలో పువ్వుంటే చాలదండీ, పక్కన దొంగ కూడా ఉండాలి. వెటకారానికి అనడం లేదు. పుష్పగిరి కాలనీ ఉద్యాన సంఘం వారు సర్వసభ్య సమావేశం పెట్టి, ఉప్మా తిని, కాఫీలు తాగి, చప్పట్లు కొట్టి మరీ పెట్టుకున్న నిబంధన ఇది.

మాది రాజమండ్రి. కడియం నర్సరీలు పక్కనే. ఆటో ఎక్కి వెళ్ళి, పూసిన కుండీని ఒళ్ళో పెట్టుకుని తిరిగొచ్చేయొచ్చు. ఏటా ఉగాది ముందు ఆదివారం మా కమ్యూనిటీ హాల్లో వసంత పుష్ప ప్రదర్శన జరుగుతుంది. ఎవరింట్లో పెంచిన పూలు వాళ్ళే తేవాలని రూలు. కిందటేడు మొదటి బహుమతి పళ్ళ డాక్టరు గారి భార్య నీరజ డేలియాకి వచ్చింది. పళ్ళెమంత పువ్వు, కాదనను. కానీ కుండీ వెనకాల నర్సరీ వాళ్ళ ధర చీటీ ఇంకా వేలాడుతూనే ఉంది.

నేనూ మా ఇంటి మందారం పట్టుకెళ్ళాను. నా నోరు ఊరుకునే రకం కాదు. "ఏమ్మా నీరజా, నీ డేలియా చీటీతో సహా మొలిచిందా?" అని అందరి ముందూ అడిగేశాను.

నీరజ మొహం మాడ్చుకుంది. సంఘం అధ్యక్షులు చక్రధరరావు గారు మైకు అందుకున్నారు. ఆయన రిజిస్ట్రేషన్ శాఖలో పెద్ద ఉద్యోగం చేసి దిగిన మనిషి. సాక్షులు లేకపోతే తన పెళ్ళి జరిగిందని కూడా ఒప్పుకోరు.

"మంగతాయారు గారూ, ఆరోపణ చేయువారు తొలుత తమ విషయం నిరూపించుకోవలసి ఉంటుంది. సదరు మందారాన్ని తామే పెంచారనడానికి, కొనలేదనడానికి, సాక్ష్యం ఏది?"

"సాక్ష్యమేంటండీ, నేను చెప్తున్నాను కదా!"

"చెప్పడం సాక్ష్యం కాదు."

వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఒళ్ళు మండిపోయింది నాకు. ఆ మందారం కొమ్మ మా అమ్మ తడిగుడ్డలో చుట్టి ఇచ్చింది. నేను దానికి వేరుశనగ చెక్క నానబెట్టి పోశాను, పిండినల్లి పడితే ఒక్కో ఆకూ సబ్బునీళ్ళతో పసిపిల్ల మొహం కడిగినట్టు కడిగాను. దాన్ని పట్టుకుని కొన్నానంటారా? ఇంటికొచ్చి అన్నం కూడా తినబుద్ధి కాలేదు. బహుమతి ఎవరికి కావాలండీ. ఈ పువ్వు తాయారు గారింట్లో పూసిందని ఆ మనిషి, ఆ నోటితో, ఆ మైకులోనే అనాలి. అప్పటిదాకా నాకు నిద్ర పట్టదు అనుకున్నాను.

ఆ గొడవ వల్లే ఈ ఏడు సమావేశం పెట్టారు. ఇంట్లో పూసిన పువ్వని రుజువు చేయడం ఎలా అన్నది విషయం. ఫోటోలు తీసి చూపిస్తే సరి అన్నారొకరు. ఫోటోలో మా ఆవిడ సన్నగా ఉంటుంది, నమ్మగలమా అన్నారింకొకరు. దేవుడి మీద ప్రమాణం చేయిస్తే అన్నారు. దానికి నీరజ అందరికంటే ముందు చెయ్యెత్తింది. అందుకని దాన్నీ వదిలేశారు.

అప్పుడు చక్రధరరావు గారు లేచి, గొంతు సవరించుకున్నారు.

"సభ్యులు ఒక విషయం గమనించాలి. మన కాలనీలో ఏ ఇంట ఏ పుష్పం వికసించినా, తెల్లవారేసరికి వాకింగుకు వెళ్ళువారు పూజ నిమిత్తం దానిని కోసుకుపోవుట జగద్విదితం. కాబట్టి కోసుకుపోబడని పుష్పం వికసించనట్లే లెక్క. కోసుకుపోయిన వ్యక్తియే దానికి ప్రత్యక్ష సాక్షి. కావున ప్రతి ప్రదర్శకుడూ తన మొక్క నుండి పూలు అపహరించిన వ్యక్తిని వెంట తీసుకురావలెనని ప్రతిపాదిస్తున్నాను."

హాలంతా చప్పట్లు. నిజమే కదా అనుకున్నారు అందరూ. నాక్కూడా ఒక్క క్షణం నిజమే అనిపించింది. పెద్ద ఉద్యోగం చేసినవాళ్ళు మాట్లాడితే అలాగే ఉంటుంది.

దొంగ అన్న మాట బాగాలేదని, దాని బదులు 'ప్రాతఃకాల పుష్ప స్వీకర్త' అనాలని సవరణ వచ్చింది. స్వీకరణ పొద్దుటిపూట, పూజ కోసం, యజమాని అనుమతి లేకుండా జరగాలి. అనుమతి ఉంటే అది దానం అయిపోతుంది, చెల్లదు. ఇంట్లోవాళ్ళు కోస్తే కూడా చెల్లదు.

"అదేంటండీ, మా ఆయన రోజూ నాకు చెప్పకుండానే కోస్తారు" అంది ఒకావిడ.

"ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడన్నారు. సంఘం ఎలా పడుతుందమ్మా?" అన్నారు చక్రధరరావు గారు. దానికీ చప్పట్లే.

మర్నాటి నుంచి మా కాలనీ చూడాలి! కుక్కల్ని పెరట్లో కట్టేశారు. గోడల మీద గాజు పెంకులు పీకించేశారు. గేట్లకి తాళాలు తీసేశారు. పెద్దవాళ్ళకి కొమ్మలు అందవని గోడ పక్కన ముక్కాలిపీటలు వేశారు. ఒకాయనైతే గేటుకి ప్లాస్టిక్ కవర్లు కూడా కట్టి ఉంచాడు, పాపం దొంగలు సంచీ మర్చిపోయి వస్తారేమోనని.

ఇంతకాలం పిల్లుల్లా నడిచి పూలు కోసుకున్న వాకింగు జనం ఇప్పుడు నడిరోడ్డు మీద ఛాతీ విరుచుకుని నడుస్తున్నారు. వాళ్ళందరిలోకీ పెద్ద సోమయాజులు మాస్టారు. లెక్కలు చెప్పి రిటైరయ్యారు. చేతికర్ర చివర కొక్కెం, భుజాన గుడ్డసంచీ. ముప్పై ఏళ్ళుగా కాలనీలో ఆయన చెయ్యి పడని కొమ్మ లేదు. సంఘం వారు మార్కుల్లో సగానికి పైగా స్వీకర్త అనుభవానికీ, హోదాకీ కేటాయించేసరికి ఆయనకి ఎక్కడలేని గిరాకీ వచ్చింది. ఆయన్ని దొంగగా కుదుర్చుకోవడానికి జనం వరస కట్టారు. ఆయన మన గోడ పక్కకి వస్తే మనం అటు తిరిగి నిలబడాలి. అయిపోయాక ఎదురెళ్ళి, "అయ్యో మాస్టారూ, ఇప్పుడే వచ్చారా, పెసరట్టు వేస్తున్నాం" అనాలి.

మాస్టారి భార్య మాత్రం మొత్తుకుంది. "దేవుడి గదిలో పూలు తప్ప దేవుడు కనపడ్డం లేదమ్మా. నిన్న రాముడనుకుని కొబ్బరిచిప్పకి హారతిచ్చాను" అంది, కూరగాయల బండి దగ్గర నాతో.

నీరజ తెలివి చూడండి. కడియం నుంచి కొత్త డేలియా తెచ్చి, సరిగ్గా గోడ మీద పెట్టి, చీటీ ఈసారి జాగ్రత్తగా కత్తిరించేసి, మాస్టారి చేత ఒక పువ్వు కోయించేసుకుంది. అంటే కొన్న పువ్వుకి నిఖార్సయిన దొంగ దొరికాడు. నా పువ్వుకే దొరకలేదు.

ఎందుకు దొరకలేదంటే, తప్పు నాదే లెండి. నేను నాలుగున్నరకి లేచే మనిషిని. పేడనీళ్ళ బకెట్టుతో వాకిట్లో నిలబడి, నా మందారం వైపు చెయ్యి చాచిన ఎవరికైనా ముందు కళ్ళాపి, తర్వాతే పలకరింపు. ఒకసారి మాస్టారికీ తప్పలేదు. తల మీంచి పంచె దాకా తడిసిపోయి, "శుభం" అని వెళ్ళిపోయారు. ఆనాటి నుంచి కాలనీ దొంగలందరూ మా వీధిని వదిలేశారు. మా ఇంటికి 'కళ్ళాపి వారిల్లు' అని పేరు కూడా పెట్టారని తర్వాత తెలిసింది.

"పోనీ నేను మారువేషంలో వచ్చి కోస్తానే" అన్నారు మా ఆయన.

"ఇంటి దొంగ చెల్లదన్నారుగా. మీరు పేపరు చదువుకోండి."

సిగ్గు విడిచి మాస్టారింటికి వెళ్ళాను. వరండా నిండా పూల బుట్టలు. మాస్టారు పడక్కుర్చీలో కూర్చుని ఎవరికో ఎల్లుండి రమ్మని చెప్తున్నారు. నన్ను చూడగానే కుర్చీ కొంచెం వెనక్కి జరుపుకున్నారు. నా చేతిలో బకెట్టు లేదని చూసుకున్నాకే నవ్వారు.

"మాస్టారూ, పాతవన్నీ మర్చిపోండి. మా మందారం ఒక్కసారి కోసి పెట్టండి. మీ కాళ్ళు పట్టుకుంటాను."

"కోపం లేదమ్మా తాయారూ. మిగతావాళ్ళు పెసరట్టుకి పిలుస్తారు గానీ పువ్వు మాట ఎత్తరు. కానీ నువ్వొచ్చి కొయ్యమంటే ఇంక దొంగతనం ఏముంది? అది దానం. రేపు సంఘం వాళ్ళు నన్ను నిలబెట్టి, యజమానురాలికి తెలుసా అని అడిగితే అబద్ధం చెప్పనా? పూలు దొంగిలించాను గానీ అబద్ధమాడలేదు ఎన్నడూ."

"అయితే మరి ఎలా?"

ఆయన కుర్చీ మళ్ళీ ముందుకి జరుపుకున్నారు. "ఏ రోజు వస్తానో చెప్పను. నువ్వు మాత్రం తెల్లారేదాకా లేవకూడదు. లేచినా బయటికి రాకూడదు. వచ్చినా చూడకూడదు."

"అలాగే మాస్టారూ, మీ మీద ఒట్టు."

"నా మీద వద్దమ్మా" అన్నారాయన కంగారుగా.

నిద్రపోవడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. పొద్దుటే మెలకువ వచ్చేసేది. మంచం కోడు పట్టుకుని, పళ్ళు బిగించుకుని పడుకునేదాన్ని. మా ఆయన నా కొంగు తన చేతికి ముడేసుకుని కాపలా పడుకున్నారు. పాపం, ఆ మనిషి పెళ్ళిలో కూడా అంత గట్టిగా ముడెయ్యలేదు. మంగళవారం రాలేదు, బుధవారం రాలేదు. గురువారం ఇంకా మసక మసగ్గా ఉండగా గేటు కిర్రుమంది.

నేనేం చేశానో నాకు తెలీదండీ. నిజంగా తెలీదు. తెలివొచ్చేసరికి వాకిట్లో ఉన్నాను. కొంగు సగం చిరిగి మా ఆయన చేతిలో ఉంది. బకెట్టు ఖాళీగా నా చేతిలో ఉంది. ఎదురుగా సోమయాజులు మాస్టారు, చేతికర్ర కొక్కెం కొమ్మకి తగిలించి, కళ్ళజోడు మీంచి పేడనీళ్ళు కారుతూ నిలబడి ఉన్నారు.

"అయ్యయ్యో మాస్టారూ! అలవాటండీ, పాడు అలవాటు! మళ్ళీ కోయండి, ఇదిగో నేను లోపలికి పోతున్నా, కళ్ళు మూసుకుంటున్నా!"

"చూసేశావు కదమ్మా. ఇంక చెల్లదు" అని, కర్ర జాగ్రత్తగా విడిపించుకుని, ఒక్క ఆకు కూడా రాల్చకుండా వెళ్ళిపోయారు. నేను గడప మీద కూలబడి ఏడ్చాను. ఏడుపు మాస్టారు తడిసినందుకు కాదు. ప్రదర్శన ఆదివారం, మందారం పూసేది ఒక్క రోజు. శనివారం సాయంత్రానికి మొగ్గ ముక్కు ఎర్రబడింది. రేపే విచ్చుకుంటుంది. ఇంక దొంగని వెతికే వ్యవధి ఎక్కడుంది?

ఆదివారం పొద్దున్న విచ్చుకుంది. ఏం పువ్వండీ అది! అరచేతిలో పట్టలేదు. మధ్యలో ముదురెరుపు, అంచుల్లో లేత గులాబీ, పొర మీద పొర. జాగ్రత్తగా కోశాను. స్టీలు గిన్నెలో నీళ్ళు పోసి, అందులో పెట్టుకుని, మా ఆయన్ని వెంటబెట్టుకుని, దొంగ లేకుండానే హాలుకి వెళ్ళాను. చెప్పి చూద్దాం, మనుషులే కదా అనుకున్నాను.

హాల్లో బల్లల మీద వరసగా పూలు, ఒక్కో పువ్వు పక్కనా ఒక్కో దొంగ. దొంగలందరూ ఇస్త్రీ బట్టలు వేసుకుని, గుండెల మీద రంగు రిబ్బన్లు పెట్టుకుని ఉన్నారు. న్యాయనిర్ణేతలు వాళ్ళ ముందు ఆగి, "ఎన్నేళ్ళ నుంచి? గోడ దూకారా, చెయ్యి చాచారా? ఏ దేవుడికి?" అని అడిగి రాసుకుంటున్నారు. సోమయాజులు మాస్టారు నీరజ డేలియా పక్కన నిలబడి ఉన్నారు. నన్ను చూసి జేబురుమాలు తీసి కళ్ళజోడు తుడుచుకున్నారు.

చక్రధరరావు గారు నా గిన్నె వంక చూడలేదు. నా వెనకాల చూశారు.

"పుష్పం వచ్చింది. స్వీకర్త ఏరీ?"

"లేరండీ. రెండుసార్లు ప్రయత్నం జరిగింది, మాస్టారిని అడగండి. నేనే నీళ్ళు కొట్టాను."

"ప్రయత్నం వేరు, స్వీకరణ వేరు. నిబంధనలో ప్రయత్నానికి తావు లేదు."

"ఒక్కసారి పువ్వుని చూడండీ."

"పుష్పాన్ని చూచి నిర్ణయించే పద్ధతి కిందటేటితో రద్దయింది. ఇది పోటీలోకి స్వీకరించబడదు."

అంతే. గిన్నె బల్ల చివర పెట్టి, తిరిగి తీసుకెళ్ళడానికి మూత కోసం సంచీలో వెతుకుతున్నాను. కళ్ళలో నీళ్ళు తిరిగి ఏదీ కనపడ్డం లేదు. ఇంతలో బయట కారు చప్పుడైంది. ముఖ్య అతిథిగా పిలిచిన ఉద్యానశాఖ అధికారి వచ్చేశారు. హడావిడి మొదలైంది. జ్యోతి వెలిగించాలి, వినాయకుడి పటానికి పువ్వు పెట్టాలి. తీరా చూస్తే పటం దగ్గర పువ్వు లేదు! పూల ప్రదర్శన కదా, పూలకి కొదవేముంటుందని ఎవరూ తేలేదు. కానీ హాల్లో ఉన్న ప్రతి పువ్వు పక్కనా దొంగ కాపలా ఉన్నాడు. ఎవరూ పక్కన లేనిది ఒక్క నా మందారమే.

చక్రధరరావు గారు అతిథితో మాట్లాడుతూ, నవ్వుతూ, అటు చూడకుండానే చెయ్యి చాచి, గిన్నెలోంచి మందారం తీసి, వినాయకుడికి పెట్టి, కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకున్నారు.

"దొంగ!" అని అరిచాను. ఎంత ఆనందంగా అరిచానంటే, మా ఆయన భయపడి లేచి నిలబడ్డారు. "దొరికాడండీ నా దొంగ! పొద్దుటి పూట, పూజ కోసం, నన్ను అడక్కుండా!"

హాలు గొల్లుమంది. చక్రధరరావు గారు అసంకల్పితంగా భుజాలు తడుముకున్నారు.

"అమ్మా, ఇది... ఇది సంఘం బల్ల మీది పుష్పం. సంఘం సొత్తు."

"అయితే సంఘం ఎక్కడ కొన్నదండీ? బిల్లేదీ? ఇప్పుడేగా పోటీలోకి తీసుకోనన్నారు? పోటీలో లేని పువ్వు నాది కాక ఎవరిది?"

న్యాయనిర్ణేతలు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకుని, నిపుణుల అభిప్రాయం కావాలన్నారు. సోమయాజులు మాస్టారిని ముందుకి పిలిచారు. ఆయన పటం దాకా వచ్చి, పువ్వుని చూసి, గిన్నెని చూసి, అధ్యక్షుల వారి కుడిచెయ్యి పట్టుకుని వేళ్ళు వాసన చూశారు.

"దొంగతనమే. సందేహం లేదు. అటు చూడకుండా చెయ్యి చాచారు చూశారా, అది కొత్తవాళ్ళకి రాదు. చాలా చక్కటి దొంగతనం" అన్నారు.

ఉద్యానశాఖ అధికారికి ఏం జరుగుతోందో అర్థం కాక, అందరూ కొడుతున్నారు కదా అని ఆయనా చప్పట్లు కొట్టారు.

ఇక చక్రధరరావు గారి అవస్థ చూడండి. తను దొంగ కాదంటే నిబంధన తప్పని ఒప్పుకోవాలి. నిబంధన తనది. పైపంచె సర్దుకున్నారు. తర్వాత మైకు అందుకున్నారు.

"సభ్యులారా! నియమం నియమమే. అధ్యక్షుడు కూడా అందుకు అతీతుడు కాడు. సదరు మందార పుష్పాన్ని నేనే స్వీకరించాను. కావున ఇది శ్రీమతి మంగతాయారు గారింట పూసినదేనని సాక్షిగా ధ్రువీకరిస్తున్నాను."

అన్నాడండీ! ఆ మైకులోనే, ఆ నోటితోనే! ఏడాదిగా నేను ఎదురుచూసిన మాట. గుండె నిండిపోతుందనుకున్నాను. నిండలేదు. అదేంటో అర్థమయ్యేలోపు న్యాయనిర్ణేతలు గుసగుసలాడుకుని లేచారు.

"స్వీకర్తలలో అత్యున్నత హోదా గలవారు అధ్యక్షులవారే అయినందున, హోదా మార్కులు పూర్తిగా లభించినందున, ప్రథమ బహుమతి మంగతాయారు గారి పుష్పానికి ప్రకటించడమైనది."

మళ్ళీ చప్పట్లు. జనం వేదిక మీదకి వెళ్ళి చక్రధరరావు గారికి చెయ్యి కలుపుతున్నారు. నీరజ కూడా వెళ్ళి, "వచ్చే ఏడు మా ఇంటికి రండి సార్, గోడ చాలా తక్కువ ఎత్తు" అంటోంది. ఆయన సిగ్గుపడుతూ, వీలు చూసుకుని వస్తానంటున్నారు. కప్పు నాకివ్వాలో ఆయనకివ్వాలో తెలియక మధ్యలో నిలబడ్డారు కప్పు పట్టుకున్నవాళ్ళు. వినాయకుడి పటం మీద నా మందారం ఒక్కతే ఉంది. ఇంతమందిలో ఒక్కరంటే ఒక్కరు దాని వంక చూడలేదు. నాకు అప్పుడు తెలిసింది ఎందుకు నిండలేదో. నేను పెంచానని ఏడాది పొడుగునా చెప్తే చెల్లలేదు. ఆయన దొంగిలించానని ఒక్కసారి చెప్తే చెల్లిపోయింది. అందులో నేనెక్కడున్నానండీ? నా పువ్వెక్కడుంది?

వేదిక ఎక్కాను. కప్పిస్తారని దారి వదిలారు. నేను కప్పు దగ్గర ఆగలేదు. వినాయకుడికి దణ్ణం పెట్టుకుని, పటం మీంచి పువ్వు తీసుకున్నాను.

"అమ్మా, అమ్మా! అది ప్రథమ బహుమతి పొందిన పుష్పం! ఇంకా ఫోటోలు తీయలేదు! ఎవరిని అడిగి తీశారు?" అని మైకులోనే అరిచారు చక్రధరరావు గారు.

"నా పువ్వు నేను తీసుకోడానికి ఒకర్ని అడిగేదేమిటండీ" అన్నాను, దాన్ని జడలో తురుముకుంటూ.

మా ఆయన అప్పటికే గిన్నె పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడి ఉన్నారు. నా వెనక్కి వచ్చి, పువ్వు సరిగ్గా నిలిచిందో లేదో చూసి, "ఎంత బాగుందే!" అన్నారు.

ఆ రోజు ఆ మాట అన్నది ఆయనొక్కరే.